నాలుగో చుక్క

సూరిబాబు ఎవరింటికి వెళ్ళినా కూర్చునేవాడు కాదు. చెప్పులు గుమ్మం బయట విప్పి, ఇచ్చిన మంచినీళ్ళు నిలబడే తాగి, "మీ స్టవ్వెక్కడుందమ్మా?" అని అడిగేవాడు. పెళ్ళిచూపులకి వెళ్ళినా అంతే, పరామర్శకి వెళ్ళినా అంతే. స్టవ్వు వెలుగుతుంటే అది ఆరి చల్లబడేదాకా ఆగేవాడు. తర్వాత దాన్ని పక్కకి వంచి, ఇత్తడి ట్యాంకు అడుగున బొటనవేలితో తడిమి, ఊపిరి వదిలి ఉన్నచోటే పెట్టేవాడు. ఆ తంతు అయ్యేదాకా ఆయనతో ఎవరేం మాట్లాడినా చెవికెక్కేది కాదు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. పంపు స్టవ్వులూ పోయాయి. రాయపూర్ రైల్వే కాలనీలో ఇంటింటికీ గ్యాసు బండ వచ్చింది. అయినా వంటింటి గుమ్మంలో ఎవరి నీడైనా పడితే ఆ తరం ఆడవాళ్ళు ఇప్పటికీ ఒక్క క్షణం గరిటె ఆపి తలెత్తి చూస్తారు.

ఆ తిరుగుడు ఆయన పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. పందొమ్మిది వందల డెబ్భై మూడు దాకా రాయపూర్ తెలుగువాళ్ళలో సూరిబాబంత నిదానస్తుడు లేడు. చీపురుపల్లి దగ్గర్నించి రైల్వేలో కలాసీ పనికి వచ్చిన తండ్రి వేలు పట్టుకుని ఆరేళ్ళప్పుడు ఆ ఊళ్ళో దిగాడు. బండి దిగిన చోటునుంచి కదలడానికే అరగంట పట్టిందని తండ్రి చెప్పి నవ్వేవాడట. అన్నానికి కూర్చుంటే గంట. "మీ కంచం కాడ కూకున్న పిల్లి కూడా ఇసుగెత్తి ఎల్లిపోతాది" అని భార్య దాలమ్మ వేళాకోళం చేసేది.

ఇత్తడి అతుకు పని మేనమామ జోగయ్య దగ్గర నేర్చాడు. ఆ పనికి నిదానమే పెట్టుబడి. వేడి ఎక్కువైతే రేకు వంకరపోతుంది, తక్కువైతే అతుకు పైపైన అంటుకుని మోసం చేస్తుంది. తెలీబంధా చెరువు వెనక షెడ్డులో మల్లేశ్వరరావు పంపు స్టవ్వుల కంపెనీ పెట్టినప్పుడు అతుకు పనికి మొదట పిలిచింది సూరిబాబునే. డబ్బా మీద పురి విప్పిన నెమలి బొమ్మ. తెలుగువాళ్ళు 'నెమలి స్టవ్వు' అన్నారు, మిగతావాళ్ళు హిందీలో 'మోర్ ఛాప్' అన్నారు. షెడ్డులో ఇరవై మంది. మల్లేశ్వరరావుది గోదావరి జిల్లా. నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే. పనివాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళయితే స్టవ్వు ఊరికే ఇచ్చేవాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ట్యాంకుకి బర్నరు గొట్టం అతికించినవాడు అడుగున తన గుర్తు తనే కొట్టాలి. పున్నయ్యది అడ్డగీత. సూరిబాబుది మూడు చుక్కలు. ఆ పద్ధతి పెట్టింది యజమాని కాదు, జోగయ్య. "అతుకు నీదయితే గుర్తూ నీదేరా సూరీ" అనేవాడు. "గుర్తు కొట్టేక అది ఎవులింట్లో ఉన్నా నీదే."

ఆ ఏడు దీపావళికి ముందు డీలర్ల దగ్గర్నించి ఆర్డర్లు ముంచెత్తాయి. సరిగ్గా అప్పుడే అతుకు వేసే ఇత్తడి కడ్డీలు అయిపోయాయి. నాగపూర్ నుంచి సరుకు పదిరోజులదాకా రాదన్నారు. మల్లేశ్వరరావు సీసం టంకం కడ్డీల కట్ట తెచ్చి బల్లమీద పడేశాడు.

"ఈ లాటు దీంతో లాగించెయ్యి."

"గొట్టం కాడ సీసం ఆగదు బాబూ. వేడికి మెత్తబడిపోద్ది. కిరసనూనె చిమ్మిందంటే..."

"చిమ్మదు. నాలుగు రోజులు వాడి వంక పెట్టినవాడికి మార్చేద్దాం. పండక్కి డబ్బా అందకపోతే డీలరు మళ్ళీ మన ముఖం చూడడు. ఇరవై మంది పొయ్యిలు నీ చేతిలో ఉన్నాయిరా, సూరిబాబూ!"

 సూరిబాబు ఆ రోజూ మర్నాడూ కూర్చుని అరవైమూడు ట్యాంకులకి సీసంతో అతుకు వేశాడు. మొదటిదానికి గుర్తు కొట్టబోయేసరికి చెయ్యి ఆగింది. మూడు చుక్కలు కొట్టి, కాసేపు చూసి, వాటికింద నాలుగో చుక్క కొట్టాడు. ఎందుకు కొట్టావని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేవాడు. అరవైమూడింటికీ అలాగే కొట్టాడు.

రెండోరోజు సాయంత్రం మల్లేశ్వరరావు షెడ్డులోకి వచ్చి, ఇంటికి ఒక స్టవ్వు కావాలన్నాడు. సూరిబాబు చేతికి దగ్గరున్నది అందించాడు.

"ఇది కాదు," అన్నాడు ఆయన, ఎటో చూస్తూ. "పోయిన నెలది ఏదైనా ఉంటే ఇవ్వు."

పండగ వెళ్ళిన మూడు వారాలకి కబురు వచ్చింది. తెలీబంధాలో గార్డు గారి విధవ పార్వతమ్మ ఇడ్లీలు వేసి అమ్ముకునేది. స్టవ్వు భగ్గుమని ఆవిడ చెయ్యి మోచేతిదాకా కాలింది. మల్లేశ్వరరావు షెడ్డు మధ్యలో నిలబడి అందరికీ వినబడేలా, "పంపు ఎక్కువ కొట్టుంటుంది. వాడటం రాక మన పేరు చెడగొడతారు" అని, గబగబా వెళ్ళిపోయాడు.

సూరిబాబు మధ్యాహ్నం సైకిలు తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాడు. చెయ్యంతా తెల్లటి పూతమందు పూసి ఉంది. స్టవ్వు వాకిట్లో గోడవారన పడి ఉంది, దాన్ని ముట్టుకోవడానికే భయపడ్డట్టున్నారు. వంచి చూశాడు. నాలుగు చుక్కలు.

"మీరెవరు బాబూ?"

"కంపెనీ నుంచొచ్చేను."

"కంపెనీ పంపిందా!" పార్వతమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎంత మంచివాళ్ళు నాయనా. ఎవరు పంపుతారు ఈ రోజుల్లో, నాలాంటి దాన్ని చూసి రమ్మని?"

ఆవిడ తిట్టి ఉంటే ఆయన బతుకు వేరేలా ఉండేదేమో. ఆ మెచ్చుకోలు పట్టుకుని బయటికి వచ్చి సైకిలు ఎక్కబోతే కాలు పెడలుకి అందలేదట. స్టవ్వు వెనక కట్టుకుని నడిచే ఇంటికి వచ్చాడు. సరైన ఇత్తడి అతుకు వేసి మర్నాడు తిరిగి ఇచ్చాడు. ఆ రోజు దాలమ్మ కంచం పెట్టి పిలిస్తే నిలబడే రెండు ముద్దలు తిన్నాడు.

"ఏటయ్యా, కాళ్ళకింద నిప్పులున్నాయేటి?"

చెప్పాడు.  దాలమ్మ లేచి, డబ్బాలోంచి చింతపిక్కలు తీసి నేలమీద పోసింది. "అరవైమూడు లెక్కెట్టు. దొరికినప్పుడల్లా ఒకటి తీసి అవతల పారీ. పార్వతమ్మది ముందు తీసీ."

అప్పట్నుంచి ఆదివారం అంటే సూరిబాబుకి సైకిలే. పండరీ బజారుకి వెళ్ళే దారిలో డీలరు దుకాణం ఉంది. అక్కడ అడిగాడు గాని, కొన్నవాళ్ళ పేర్లు దుకాణంలో ఉండవు కదా. కాలనీ మొదటి వరస నుంచి మొదలుపెట్టాడు. "నెమలి కంపెనీ నుంచి వచ్చేనమ్మా, ఉచితంగా సర్వీసు" అనేవాడు. పిన్ను శుభ్రం చేసేవాడు, వాషరు మార్చేవాడు, వంచి అడుగు చూసేవాడు. మూడు చుక్కలయితే ముఖం విప్పారేది. నాలుగయితే, "ఇది రెండ్రోజులు నా దగ్గరుంచండి" అని పట్టుకుపోయేవాడు. ఇంటి వెనక రేకుల పందిరికింద గొట్టం పీకి, అతుకు కొత్తగా వేసి, నాలుగో చుక్కని సుత్తితో నొక్కేసి తిరిగి ఇచ్చేవాడు.

ఫాల్గుణం నాటికి పందొమ్మిది పిక్కలు పోయాయి. నలభైనాలుగు మిగిలాయి. చెవుల్లో ఎప్పుడూ నూనె చిమ్మే చప్పుడే. వీధిలో ఎవరైనా గట్టిగా అరిస్తే చేతిలో పని కిందపడేది. చేతులు వణికితే అతుకు పాడవుతుందని షెడ్డులో పని తగ్గించుకున్నాడు.

ఇంతలో ఊహించనిది జరిగింది. అమ్మకాలు పెరిగాయి. డీలరు అమ్మిరాజు షెడ్డుకి వచ్చి మల్లేశ్వరరావు భుజం తట్టాడు. "ఏం తెలివండీ మీది! ఇంటికి మనిషిని పంపి బాగుచేయించే కంపెనీ ఇంకోటి చూపించమనండి. మా కొట్టుకొచ్చి ఆడవాళ్ళు నెమలి తప్ప వద్దంటున్నారు."

మల్లేశ్వరరావుకి మనిషెవరో, ఎక్కడికి పంపాడో ఏమీ తెలియదు. తెలియదని చెప్పే మనిషీ కాదు. అమ్మిరాజు వెళ్ళాక సూరిబాబుని పిలిచాడు. మొదట తిట్టాడు, తర్వాత నవ్వాడు, చివరికి వీపు చరిచాడు. వారం తిరక్కుండా కరపత్రాలు అచ్చయ్యాయి. 'మోర్ ఛాప్. మీ గడపలోనే ఉచిత సర్వీసు. అమ్మాక కూడా మీ క్షేమం మాదే.'

ఆ కాగితం పట్టుకుని సూరిబాబు నేరుగా యజమాని ఇంటికి వెళ్ళాడు. మల్లేశ్వరరావు వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. భార్య రంగనాయకమ్మ లోపల కాఫీ కలుపుతోంది.

"ఇందులో ఇంకో రెండు ముక్కలు వెయ్యండి బాబూ. అడుగున నాలుగు చుక్కలుంటే వెలిగించకండి, పట్టుకు రండి, కొత్తది ఇస్తాం అని."

"మతి పోయిందా? మన నోటితో మన సరుకు పాడని చెప్పుకుంటామా?"

"పాడే కదా బాబూ."

"ఒరే, పేరు సంపాదించడానికి పదేళ్ళు పట్టింది. ఆ రెండు ముక్కలతో పదిరోజుల్లో పోతుంది. నువ్వు తిరుగుతున్నావుగా, తిరుగు. జీతంతోనే తిరుగు. నేనేం కాదన్నానా?"

"నలభైనాలుగున్నాయి. నా ఒక్కడి కాళ్ళకి అందవు. ఈలోగా ఇంకో పార్వతమ్మ..."

"వాడటం రాక..."

"మీ ఇంట్లో ఉన్నదానికి మూడే చుక్కలు బాబూ."

 లోపల గ్లాసుల చప్పుడు ఆగింది. రంగనాయకమ్మ గుమ్మంలోకి వచ్చింది. "నాలుగో చుక్కేమిటి, సూరిబాబూ?"

సూరిబాబు యజమాని ముఖం వైపు చూశాడు. ఆవిడ, "అటు చూడకు. నన్ను చూసి చెప్పు" అంది.

చెప్పాడు. పోయిన నెలది ఇవ్వమన్న మాటతో సహా చెప్పాడు.  ఆవిడ లోపలికి వెళ్ళి స్టవ్వు ఆర్పింది. మర్నాడు పొద్దున్న తన పుట్టింటివాళ్ళు ఇచ్చిన బొగ్గుల కుంపటి అటకమీంచి దింపించి, వీధి వాకిట్లో పెట్టి రాజేసింది.

ఆ ఇల్లు రోడ్డుమీదే. డీలర్లు వచ్చేదీ, పోయేదీ ఆ రోడ్డునే. నెమలి స్టవ్వుల యజమాని ఇంటిముందు బొగ్గుపొగ లేస్తుంటే ఆగని మనిషి లేడు. మొదటిరోజు మల్లేశ్వరరావు ఏదో పూజ అని చెప్పాడు. రెండోరోజు స్టవ్వు సర్వీసుకి ఇచ్చామన్నాడు. మూడోరోజు అమ్మిరాజు దిగి, "ఏమ్మా, మీ స్టవ్వు మీకే పనికిరాలేదా?" అని నవ్వాడు.

"నాది బాగానే ఉంది అన్నయ్యగారూ. బాగున్నది ఎంచి మరీ తెచ్చారు మీ స్నేహితులు. బాగాలేనిదాని మీద వండుకునే ఆడదాని సంగతి తేలేదాకా నేను దీని మీద వండను."

"ఏమిటే ఆ మాటలు?" మల్లేశ్వరరావు గొంతు తగ్గించి బతిమాలాడు. "పరువు పోతోంది!"

"పోయేదేదో పొగతో పోనివ్వండి. నూనె మంటతో పోతే తిరిగిరాదు."

ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి, దగ్గు పట్టుకుంది. అయినా కుంపటి మాత్రం లోపలికి పోలేదు. తొమ్మిదోరోజు మల్లేశ్వరరావు అచ్చాఫీసుకి వెళ్ళి కరపత్రం మార్పించాడు. హిందీలో పెద్ద అక్షరాలతో నాలుగు చుక్కల బొమ్మ వేసి, 'తప్పు మాది. వెలిగించకండి. తెచ్చి కొత్తది పట్టుకెళ్ళండి' అని వేయించాడు. మందిర్ హసౌద్ ఊరిదాకా సంతల్లో దండోరా వేయించాడు. ఆ కాగితం సూరిబాబు చేతిలో పెడుతూ, "కంపెనీ మునిగితే నీ ఇంటిముందు కూర్చుంటాను" అన్నాడు. సూరిబాబు, "కూకోండి బాబూ, దాలమ్మ అంబలి పోస్తాది" అన్నాడు.

ఆ వేసవి కంపెనీ మునిగినంత పనే అయింది. అమ్మకాలు సగానికి పడ్డాయి, ఆరుగుర్ని పనిలోంచి తీసేయాల్సి వచ్చింది. అందులో పున్నయ్య ఒకడు. పున్నయ్య ఆ తర్వాత సూరిబాబుతో చాలా ఏళ్ళు మాట్లాడలేదు. ఆ సంగతి ఎవరు ఎత్తినా సూరిబాబు లేచి వెళ్ళిపోయేవాడు. మరో ఏడాదికి మెల్లగా మళ్ళీ పుంజుకుంది. 'తప్పయితే చెప్పే కంపెనీ' అని జనం అనుకున్నారు. ఆ మాట మల్లేశ్వరరావు తర్వాతి కరపత్రాల మీద వేసుకున్నాడనుకోండి, ఆయన స్వభావం ఆయనది.

స్టవ్వులు మాత్రం వచ్చాయి. రిక్షాల్లో, సైకిళ్ళ మీద, నెత్తిన పెట్టుకుని తెచ్చారు. వానాకాలం వచ్చేసరికి అరవైరెండు. ఒక్క చింతపిక్క మిగిలింది.

సూరిబాబు దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. చొక్కాలు మారాయి, పిక్క మారలేదు. "అరవైరెండు దొరికేయి కదా, బస్ కరో, ఇంక కూకో" అని దాలమ్మ ఎన్నిసార్లు అందో. "అదెవులింట్లో ఉందో" అనేవాడు ఆయన. సంతలు తిరిగాడు, పెళ్ళి వంటల పందిళ్ళు తిరిగాడు, స్టేషను బయట టీ బళ్ళు తిరిగాడు. ఎక్కడ ఎవరికి ఒళ్ళు కాలిందన్నా ముందు అడిగేది ఒకటే మాట, "ఏ కంపెనీది?" ఇంట్లో తన పిల్లల పెళ్ళిళ్ళలో కూడా వంటశాల దగ్గరే ఉండి, తలంబ్రాల వేళకి పిలుచుకు రావలసి వచ్చింది. గ్యాసు వచ్చి తొంభైలో కంపెనీ మూతపడింది. మల్లేశ్వరరావు పోయాడు, వెనకే రంగనాయకమ్మ పోయింది. షెడ్డు మీది నెమలి బోర్డు తుప్పు పట్టింది. సూరిబాబు సైకిలు మాత్రం ఆగలేదు.

తొంభై ఆరులో ఒక ఆదివారం మందిర్ హసౌద్ దాటి రెండు మైళ్ళు వెళ్ళాడు. రోడ్డు పక్కన కొత్తగా వెలిసిన టీ దుకాణం. డెబ్భై ఏళ్ళ ముసలావిడ, సుకవారో బాయి అట, టీ కాస్తోంది. స్టవ్వు నెమలిదే. ఆరేదాకా ఆగి, అడిగి, వంచాడు. బొటనవేలు ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

మోకాళ్ళ మీద వంగి గొట్టం మొదలు చూశాడు. సీసం లేదు. గట్టి ఇత్తడి అతుకు, మొరటుగా ఉంది గాని ఏనుగు తొక్కినా ఊడదు.

"కా దేఖత్ హస్?" ఏం చూస్తున్నావని ముసలావిడ గద్దించింది.

ఇదెవరు అతికారని అడిగాడు. ఆవిడ ఛత్తీస్‌గఢీలో చెప్పిన దాని సారం ఇది. అప్పట్లో సంతలో డప్పు వేసి చెప్పారు, నాలుగు చుక్కలది వెలిగించొద్దని. వెలిగించలేదు. రాయపూర్ దాకా ఎవరు మోసుకెళ్తారు? ఊరి కమ్మరే గట్టిగా అతికాడు. పండగలకీ పెళ్ళిళ్ళకీ తీసేది, మళ్ళీ అటకెక్కించేది. ఈ నెలలోనే దుకాణం పెట్టి దింపింది.

"ఎప్పుడు అతికించారు?"

"అప్పుడే. డప్పు వేసిన వారంలోనే."

ఇరవైరెండేళ్ళు. సూరిబాబుకి నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో, కోపమే వచ్చిందో. "ఒక్క కార్డుముక్క రాయించలేకపోయేవా అమ్మా?" అన్నాడు హిందీలో.

"ఎందుకు రాయాలి? తప్పు మీది. చెప్పారు, విన్నాం." ఆవిడ గిన్నె కడుగుతూ కడుగుతూ ఆగింది. ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వు ఆ కంపెనీవాడివా? కొత్తది ఇస్తామన్నారు. నాది ఏది మరి?"

కంపెనీ లేదనీ, యజమాని పోయాడనీ చెప్పవచ్చు. సూరిబాబు చెప్పలేదు. "తెస్తాను" అన్నాడు.

ఇంటికి వచ్చి పాత సామానంతా పోశాడు. పార్వతమ్మ పోయాక ఆవిడ కొడుకు ఇచ్చేసిన ట్యాంకు ఒకటి, పాతసామాన్ల దుకాణంలో దొరికిన బర్నరు ఒకటి, కాళ్ళు ఇంకెక్కడివో. "అరవై నిండే మనిషికి ఇదేటి పిచ్చి! చెయ్యి ఒణుకుతోంది, చూసుకో" అంది దాలమ్మ. "నువ్వు పట్టుకో" అన్నాడు. ఆవిడ కొంగు బొడ్లో దోపి ట్యాంకు పట్టుకుంది. అతుకు మూడుసార్లు విప్పి మళ్ళీ వేశాడు. నీళ్ళల్లో ముంచి, పంపు కొట్టి, బుడగ రాలేదని చూసుకుని, పాత చుక్కలు సుత్తితో నొక్కేసి, అప్పుడు కొత్తగా తన మూడు చుక్కలు కొట్టాడు.

మరుసటి ఆదివారం బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాడు. సుకవారో బాయి గుడ్డ విప్పి, అన్నిటికంటే ముందు చెయ్యవలసిన పని చేసింది. స్టవ్వు తిరగేసి అడుగు చూసింది. వేలుతో తాకుతూ లెక్కపెట్టింది.

"తీన్. ఠీక్ హే."

పాతది ఇవ్వనంది, అది కూడా తనదేనంది. వాదించే ఓపిక ఆయనకి లేదు. ఆవిడ బల్ల చూపించి టీ పోసింది. సూరిబాబు కూర్చున్నాడు. జేబులోంచి చింతపిక్క తీసి, కాసేపు అరచేతిలో చూసుకుని, రోడ్డవతలికి విసిరాడు.

గ్లాసు సగం అయ్యేసరికి రెండు దుకాణాల అవతల ఎవరో స్టవ్వుకి పంపు కొడుతున్న చప్పుడు వినబడింది. ఎక్కువ కొడుతున్నారు. గ్లాసు చేత్తో పట్టుకునే లేచి అటు నడిచాడు.